మేకు కొట్టని అల్లుడు

ఆ దేశంలో గది అద్దెకివ్వాలంటే పాత ఇంటి ఓనరు ఒక మంచిమాట చెప్పాలి. కొత్తగా పనికొచ్చిన వెల్డరుకి చిక్కల్లా అక్కడే. పెళ్లయిన నాటినుంచీ అతనిది ఇల్లరికం. పాత ఇంటి ఓనరంటే మామగారే.

ఆయన నోట మంచిమాట రావడమంటే వేపచెట్టుకి మామిడిపళ్లు కాయడమే. పైగా గది దొరికిందా, కూతురు మొగుడి దగ్గరికి విమానం ఎక్కేస్తుంది. దొరక్కపోతే పుట్టింట్లోనే ఉంటుంది. ఆ లెక్క ఆయనకీ తెలుసు.

"ఇంకెవరి పేరైనా చెప్పకూడదూ?" అన్నాడు, అందాకా తన చాపలో సగం ఇచ్చిన డ్రైవరు.

"ఇంకెవరింట్లో ఉన్నాను గనక?"

గది ఇవ్వాల్సిన ఓనరమ్మ తన వంటింటి బల్లమీద ఫోను నిలబెట్టి, చేతులు కట్టుకు కూర్చుంది. ఆవిడకి తెలుగు రాదు. అటు మాటలిటూ ఇటు మాటలటూ చేరవేసే పని డ్రైవరుది. తెరమీద మామగారి మీసం కనబడింది.

"మనిషి ఎలాంటివాడని అడుగుతోంది, బాబాయ్‌గారూ."

"ఏం చెప్పమంటావు బాబూ! నోట్లో నాలుక లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి గొంతెత్తితే ఒట్టు. ఇంట్లో ఉన్నాడో లేడో వెతుక్కోవాలి."

డ్రైవరు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓనరమ్మ తలూపింది. ఆ ఊపు చూసి మామగారికి హుషారొచ్చింది.

"నలుగురు స్నేహితుల్ని ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. పేకాటా? ఆసులేవో రాజులేవో కూడా తెలీదు."

ఓనరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. వెల్డరు నేలకేసి చూస్తున్నాడు.

"అంతెందుకయ్యా," మామగారు ఆఖరి బాణం వదిలాడు, "అన్నేళ్లున్నాడా, నా గోడకి ఒక్క మేకు కొట్టలేదు. వాడూ ఒక మగాడేనా!"

మగాడి సంగతి మింగేసి మేకు సంగతి చెప్పాడు డ్రైవరు. ఓనరమ్మ లేచెళ్లి తాళంచెవి తెచ్చింది.

"ఏమంది? ఏమంటోంది?"

"ఇలాంటి మనిషిని తయారుచేసినందుకు మీకు దణ్ణం పెట్టొచ్చంటోంది, బాబాయ్‌గారూ."

మీసం కదల్లేదు. సిగ్నలు పోయిందనుకున్నాడు డ్రైవరు. పోలేదు.

గది మేడమీద. కింద వాటాలో ఓనరమ్మే ఉంటుంది. కుళాయి మెల్లగా తిప్పాలి, గుంపుని తేకూడదు, గోడకి మేకు కొట్టకూడదు. మేకు దగ్గరికొచ్చేసరికి ఆవిడ వెల్డరు భుజం ఆప్యాయంగా తట్టింది.

సాయంత్రం భార్య ఫోను చేసింది. "ఏవండీ, మన పెళ్లిఫోటో తగిలించారా?"

మామగారింట్లో గోడల నిండా ఆయన తాతముత్తాతలే. ఈ ఫోటో బీరువా వెనక పడి ఉండేది. దాన్ని పాతచీరలో చుట్టి ఇంతదూరం మోసుకొచ్చాడు.

"కింద పెట్టి గోడకి ఆనించా."

"అక్కడా అంతేనా?"

"ఇక్కడ బీరువా లేదు."

"వచ్చేటప్పుడు నాన్న సుత్తి పట్టుకొస్తా."

వెల్డరు లేచి గోడని వేలితో తట్టి చూశాడు.

"పట్టుకురా," అన్నాడు. "గుడ్డ చుట్టి కొడదాం. కింద ఆవిడుంటుంది."