అత్తగారి సైన్యం

లిఫ్టు మెకానిక్ దృష్టిలో లోకంలో ఏది పాడైనా కారణాలు రెండే. ఏదో ఒకటి వదులైపోయి ఉండాలి, లేదా ఏదో ఒకటి ఇరుక్కుపోయి ఉండాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మూడో కారణం అతనికి ఎదురు కాలేదు. అందుకే అత్తగారి పద్ధతి మారినప్పుడు కూడా అతను ముందు స్క్రూడ్రైవర్ కోసమే వెతికాడు.

అత్తగారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, రిటైరయ్యాక చిన్నకూతురి దగ్గరికి వచ్చింది. వచ్చిన కొత్తలో అత్తా అల్లుళ్ళ మధ్య "తిన్నారా", "ఆ, ఇప్పుడేనండి" అన్న రెండు మాటలే నడిచేవి. ఇద్దరూ మరీ మంచివాళ్ళు కావడంతో కనీసం పోట్లాడుకునే వీలు కూడా లేకపోయింది. మధ్యలో కూతురు ఇద్దరి వంతూ తనే మాట్లాడి గొంతు పోగొట్టుకునేది. ఒకరోజు అల్లుడు తన గేమ్ కన్సోల్ సోఫాలో మరిచిపోయి పనికి వెళ్ళాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న యంత్రం అది. అందులో అతను ఆడేది సైన్యాన్ని గళ్ళ మీద నడిపించే వ్యూహాల ఆట. సాయంత్రం వచ్చి చూస్తే దెబ్బలు తగిలిన సైనికులందరూ ముందు వరసలోంచి మాయమై, వెనక గుడారంలో బుద్ధిగా పడుకుని ఉన్నారు.

"మనుషుల్ని ఇలాగేనా చూసుకునేది?" అంది అత్తగారు. అల్లుడితో ఆవిడ మనసు విప్పి అన్న మొదటి మాట అదే.

ఆ రోజు నుంచీ పగలు ఆవిడ ఆట, సాయంత్రం అతని ఆట. యుద్ధం ఒకటే, సైన్యం ఒకటే. అతను గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే ఆవిడ ఎదురొచ్చి నిటారుగా నిలబడి, వార్డులో డ్యూటీ మారేటప్పుడు చెప్పినట్టు అన్నీ అప్పజెప్పేది. "వంతెన దగ్గర ఇద్దరున్నారు, నిలకడగానే ఉన్నారు. బుంగమూతికి భుజం మీద గాయం, కదిలించకు. గుండుగాడు ఉదయం నుంచి ఏమీ తినలేదు, సామాను బండి అటు పంపు." పేర్లన్నీ ఆవిడ పెట్టినవే. అల్లుడేమో దూకుడు మనిషి. సాయంత్రం అతను వీరావేశంతో ముందుకి దూకించినవాళ్ళని పగలు ఆవిడ జాగ్రత్తగా వెనక్కి మోయించేది. ఈ వరసన ఆ యుద్ధం గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. ఏడాదిగా సాగుతూనే ఉంది. ఒక్కడంటే ఒక్కడు చావలేదు, అదీ ఆవిడ పంతం. అల్లుడికి రోజంతా లిఫ్టుల గోతుల్లో దిగి ఎక్కుతున్నా మనసు మాత్రం సాయంత్రం జరగబోయే ఆ అప్పగింత మీదే ఉండేది.

అలాంటిది కొన్ని వారాలుగా వ్యవహారం తారుమారైంది. అప్పగింత కాస్తా "అందరూ బాగానే ఉన్నారండి" అన్న పొడి ముక్కతో అయిపోతోంది. తీరా చూస్తే సామాను బండి కొండెక్కి కూర్చుని ఉంటోంది. గుండుగాడు ఒంటరిగా శత్రువుల శిబిరం ముందు నిలబడి ఉంటున్నాడు. ఒకరోజు బుంగమూతి నడుం లోతు నదిలో దొరికాడు.

మెకానిక్ తన పద్ధతిలో తేల్చాడు. కన్సోల్ మీట వదులైపోయింది, అందుకే ఒకవైపు తోస్తే ఇంకోవైపు పోతోంది. విప్పాడు, తుడిచాడు, బిగించాడు. ఫలితం లేదు. మళ్ళీ విప్పాడు. మూడోసారి బిగించాక బల్ల మీద ఒక స్క్రూ మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఎంత తల గోక్కున్నా తెలియలేదు. ఆ తర్వాత కన్సోల్ వైరు పెడితేనే వెలుగుతోంది.

"ఆక్సిజన్ మీద బతుకుతోంది పాపం," అంది అత్తగారు.

సరిగ్గా అప్పుడే భార్య ఇంకో మాట చెవిన వేసింది. "అమ్మ అక్కకి ఫోన్ చేసింది. వచ్చే నెల నుంచి అక్కడే ఉంటానంటోంది. మీరేమైనా అన్నారా?"

"నేనేమంటాను?"

"ఏదో అనే ఉంటారు. బావగారు టీవీలోంచి తల తిప్పి మనిషి మొహం చూసే రకం కాదు. ఆ ఇంటికి కోరి ఎవరు వెళ్తారు?"

అల్లుడు మళ్ళీ లెక్క వేసుకున్నాడు. అయితే మీట వదులు కాలేదన్నమాట, ఆవిడ మనసే విరిగిందన్నమాట. తన మీద కోపంతోనే బుంగమూతిని నదిలోకి తోసింది. ఏం తప్పు చేశానా అని వెనక్కి ఆలోచిస్తే, ఆడిన ప్రతి ఎత్తూ తప్పులాగే కనిపించింది. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనకోసం గుమ్మం దాకా ఎదురొచ్చి కబురు చెప్పేవాళ్ళుండరు. భార్య ఉంది, కానీ ఆమెకి యుద్ధాలంటే గిట్టదు. అత్తగారి మనసు మార్చడానికి అతనికి తోచిన ఉపాయం ఒక్కటే. కొత్త కన్సోల్ కొనాలి, అదీ ఆవిడ ఎంచుకున్నదే కొనాలి. రెండు రోజులు బతిమాలి ఆవిడని దుకాణానికి బయల్దేరదీశాడు.

దుకాణంలో రెండు కన్సోళ్ళని, ఎవరూ జేబులో వేసుకుపోకుండా, కౌంటర్‌కి తీగలతో కట్టేసి ఉంచారు. ఒకటి పెద్దది. తెర వెడల్పు, కొత్త వ్యూహాల ఆటలన్నీ ఆడుతుంది, అక్షరాలు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. కానీ వేరే కంపెనీది కాబట్టి పాత యుద్ధం అందులోకి ఎక్కదు. రెండోది చిన్నది. పాత కన్సోల్ చేసిన కంపెనీదే, సైన్యం మొత్తం ఉన్నవాళ్ళు ఉన్నట్టు అందులోకి వచ్చేస్తుంది. అక్షరాలు మాత్రం చీమ తలకాయంత. సేల్స్‌మన్ ఇవన్నీ ఊపిరి తీసుకోకుండా ఏకరువు పెట్టాడు.

అత్తగారు పెద్దదాన్ని ఎత్తి, వీపు మీద అరచేయి ఆనించింది. "దీనికి ఒళ్ళు కాలిపోతోందేం?"

"పవర్ ఎక్కువ కదా అండీ, కాస్త వేడెక్కుతుంది."

"ఆయాసం కూడా ఉంది," అంది ఆవిడ, లోపల తిరుగుతున్న ఫ్యాను చప్పుడు వింటూ. "ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది?"

"అది వాడకాన్ని బట్టి ఉంటుందండి."

"మా డాక్టర్లు కూడా చెప్పలేనప్పుడు ఇలాగే చెప్పేవారు."

సేల్స్‌మన్ చిన్నదాన్ని ఆన్ చేసి ఆవిడ చేతిలో పెట్టాడు. "వ్యూహాల ఆటే పెట్టానండి. ఎలా ఉందో చూసి చెప్పండి."

ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుంది. కొంచెం దూరం జరిపింది. వార్డులో పేషెంట్‌ని చూసినంత గంభీరంగా చూసి చెప్పింది. "బాగుంది. స్పష్టంగా ఉంది. వంతెన దగ్గర ముగ్గురున్నారు, ఒకడికి దెబ్బ తగిలింది. వాణ్ణి వెనక్కి పంపాలి."

అల్లుడు ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాడు. తెర మీద వంతెన లేదు, సైనికులు లేరు. ఆట ఇంకా మొదలే కాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, మీ భాషను ఎంచుకోండి అని ఒక జాబితా ఉంది, అంతే.

సేల్స్‌మన్ కూడా చూశాడు. కానీ మర్యాదస్తుడు. "అవునండి, ముగ్గురే," అన్నాడు.

"మీరు వెళ్ళి రెండిటి డబ్బాలూ పట్రండి," అని అల్లుడు అతన్ని లోపలికి పంపేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అత్తయ్యా, బుంగమూతిని నా మీద కోపంతో నదిలోకి తోశారనుకున్నాను."

ఆవిడ తల తిప్పింది. "నదా? అది రోడ్డు కాదూ?"

"నీలంగా ఉంటుంది కదండీ."

"నాకీమధ్య అన్నీ బూడిద రంగే," అంది ఆవిడ.

అల్లుడికి తన మీద తనకే అసహ్యం వేసింది. యంత్రాన్ని మూడుసార్లు విప్పి చూశాడు. దాన్ని పట్టుకున్న మనిషి ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు. చూసి ఉంటే, ఆవిడ గోడ పట్టుకుని నడవడమూ, టీ పోసేటప్పుడు కప్పు అంచుని వేలితో తడమడమూ ఎప్పుడో కనిపించేవి.

"శుక్లాలు," అంది అత్తగారు, ఎదుటివాళ్ళ జబ్బు చెప్పినట్టు. "ముదిరాయి. నాకు తెలుసు. ఎంతమందికి చెప్పానో ఆపరేషన్ చేయించుకోమని. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఏమీ తెలియదమ్మా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అని ఎన్నిసార్లు అన్నానో. నిజమో కాదో నాకేం తెలుసు? నేనెప్పుడూ ఆ బల్ల మీద పడుకోలేదు."

"అందుకని వదిన దగ్గరికి వెళ్ళిపోతారా?"

"అక్కడైతే నాకు చూపుందో లేదో ఎవరికీ అవసరం లేదు. ఇక్కడ రోజూ సాయంత్రం పరీక్షే. నువ్వు వచ్చే వేళకి భయమేసేది." ఆవిడ కన్సోల్‌ని కౌంటర్ మీద పెట్టేసింది. "నాకు భయంగా ఉందయ్యా. చూడు, నర్సుని అయ్యుండి."

స్క్రూడ్రైవర్ పనికిరాని చోట ఏం చేయాలో అల్లుడికి తెలియదు. తెలిసింది యుద్ధం ఒక్కటే. "దెబ్బ తగిలినవాళ్ళని ఎవరికీ చెప్పకుండా ముందు వరసలో నిలబెట్టొచ్చా అత్తయ్యా?"

ఆవిడ తన మందు తనకే చేదుగా తగిలినట్టు పెదవి విరిచింది.

ఈలోగా సేల్స్‌మన్ రెండు డబ్బాలతో వచ్చేశాడు. అల్లుడు పెద్దదాని మీద చెయ్యి వేశాడు. "ఇదే తీసుకుందాం. అక్షరాలు అరచేతంత చేసుకోవచ్చు."

"మరి మనవాళ్ళు?"

"కొత్తవాళ్ళని చేర్చుకుందాం."

వార్డుకి తాళం వేసి ఇంటికి పోదాం అన్న మనిషిని చూసినట్టు చూసింది ఆవిడ. "ఏడాది పాటు ఒక్కణ్ణీ పోనివ్వకుండా కాపాడుకొచ్చాను. ఇప్పుడు నా కళ్ళ కోసం అందర్నీ వదిలెయ్యమంటావా? చిన్నదే తీసుకో."

"మీకు కనిపించదు."

"నువ్వు చదువు, నేను చెబుతాను. ఆపరేషన్ అయ్యేదాకానే." ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆవిడకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అల్లుడు మాత్రం ఆ క్షణం వృథా చేయలేదు. చిన్న డబ్బాకి డబ్బు కట్టేశాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ మొదటిసారి ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడారు. అతను గళ్ళు చదవడం, ఆవిడ ఆజ్ఞలివ్వడం. మధ్యలో అతను గుట్టుచప్పుడు కాకుండా ఒకణ్ణి శత్రువు మీదికి పంపబోయాడు.

"ఎవణ్ణి కదిపావు?"

"ఎవర్నీ లేదండి."

"మీట చప్పుడైంది. కళ్ళు పోయాయి గానీ చెవులున్నాయి. వెనక్కి పిలువు."

వెనక్కి పిలిచాడు. వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది.

ఆట ఆపాక ఆవిడ పెద్దకూతురికి ఫోన్ చేయించుకుంది. "నేను రావట్లేదే. కంటి ఆపరేషన్ ఉంది... ఎవరు చూసుకోవడమేమిటి, అల్లుడున్నాడుగా. చదవడం బాగానే వచ్చు. చెప్పిన మాట వినడమే రాదు, నేర్పిస్తున్నాను."

ఫోన్ పెట్టేసింది. చేతిలో ఏమీ లేకపోయినా వేళ్ళు మీట కోసం వెతుకుతున్నట్టు కదులుతున్నాయి.

"ఆపరేషన్ గదిలోకి నిన్ను రానిస్తారా?" అంది.

"తలుపు దాకా రానిస్తారట. కనుక్కున్నాను."

"తలుపు దాకా చాలు," అంది అత్తగారు. "అక్కడిదాకా నా చెయ్యి వదలకు."