వెనక సీట్లో దగ్గు

ఫైటర్ విమానం నడిపేవాడికి చేతులు కట్టేస్తే మాట పడిపోతుందని ఆ వైమానిక స్థావరంలో అందరూ అంటారు. అక్కడే విమానం నేర్చుకుంటున్న పిచ్చుక అనే అమ్మాయి వాళ్ల బావను చూస్తే అది నిజమేననిపిస్తుంది. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆయన కుడిచెయ్యి తన ఫైటర్, ఎడమచెయ్యి మరదలి ట్రైనర్, అదే శిక్షణ విమానం. కూరగిన్నె మీదుగా ఎడమచేతిని అప్పటికి మూడుసార్లు కూల్చేశాడు.

"నా ఇంజను వెనక మంట వెలిగిస్తే నిట్టనిలువుగా ఆకాశానికెక్కుతుంది. శబ్దం కంటే రెట్టింపు వేగం. తల ఎటు తిప్పితే అటు గురిచూసే హెల్మెట్ ఉంది నాకు. నీకేముందే పిచ్చుకా? మంట లేని చిన్న ఇంజను, వెనక సీట్లో మాస్టారు. నక్కకీ నాగలోకానికీ పోలికెక్కడ?"

"ఆ నాగలోకానికి దారి మా బండిలోంచే బావా. నువ్వేమన్నా పుట్టడమే ఫైటర్లో పుట్టావా? మాది చిన్నదే, కానీ చిన్న గిరిలో తిరుగుతుంది. నీ ఏనుగు తిరిగేలోపు నేను రెండు చుట్లు చుట్టొస్తా."

"అబ్బో! పిట్ట కొంచెం కూత ఘనం."

"ముందు ఇద్దరూ చేతులు దించి తినండి. గిన్నె కూలిందంటే తుడిచేది మీరే," అంది అక్క. ఆవిడ అదే స్థావరంలో వాతావరణం అధికారి. గాలివానల్ని చెప్పి అలవాటేమో, ఇంట్లో కూడా ముందే హెచ్చరిస్తుంది.

బావ చేతులు దించాడు గానీ గొప్పలు దించలేదు. తన విమానం నెమ్మదిగా కూడా ఎంత ముద్దుగా ఎగురుతుందో వర్ణించాడు. వేగం తగ్గేకొద్దీ రెక్కల ముందంచులు వాటంతటవే కిందికి వాలతాయట. కంప్యూటరే చూసుకుంటుందట, తను వేలు కదపనక్కర్లేదట. పిచ్చుక శ్రద్ధగా విన్నది. మర్నాడు పొద్దున్న ఆ విమానంతోనే ఆమెకి పోరు.

ఉత్తుత్తి పోరే. తుపాకీలో గుండ్లుండవు, కెమెరా ఉంటుంది. అవతలివాణ్ణి గురిలో రెండు సెకన్లు పట్టి ఉంచితే కూల్చినట్టే లెక్క. శిక్షణలో చివరి పరీక్ష అది. ఫైటర్ మీద గెలవమని ట్రైనర్ పిల్లల్ని ఎవరూ అడగరు. తమ బుర్రతో తాము నిర్ణయాలు తీసుకుంటున్నారా లేదా అన్నది చూస్తారు. ఆ పరీక్షలో పిచ్చుక ఒకసారి తప్పింది.

తప్పడానికి కారణం దగ్గు.

ఆమెకి విమానం నేర్పిన మాస్టారు ఇరవై రెండేళ్లుగా వెనక సీట్లోనే కూర్చుంటున్నాడు. ఆయన పొదుపరి మనిషి, మాటల్లో మరీను. శిష్యుడు తప్పుదారిలో పడితే "అది కాదు, ఇది" అని చెప్పడు. దగ్గుతాడు. పొట్టి దగ్గయితే వేగం చూసుకోమని. లాగి దగ్గాడంటే, చేస్తున్న పని మానుకోమని. ఈ దగ్గుల భాష ప్రతి జట్టూ తర్వాతి జట్టుకి గుట్టుగా అప్పగించి వెళ్తుంది. దాంతో పిల్లలకి కళ్లకన్నా చెవులు చురుకయ్యాయి. వాళ్లందరిలోకీ మంచి చెవి పిచ్చుకది.

మొదటి పరీక్షనాడు వెనక కొత్త పరీక్షాధికారి కూర్చున్నాడు. ఆయన ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకునే రకం. ఈ పిల్ల అరగంటసేపు రాని దగ్గు కోసం ఎదురుచూస్తూ, దిగకూడనంత కిందికి దిగిపోయింది. "వెనకనుంచి ఎవరైనా చెప్పేదాకా ఆగుతోంది. ఫైటర్లో వెనక ఎవరూ ఉండరు," అని రాసి, ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈసారి మాస్టారే వెనక కూర్చుంటాడు, కానీ సరిదిద్దకూడదు. సరిదిద్దాల్సి వస్తే కథ కంచికే. పిచ్చుక సరుకు విమానాలకి వెళ్లాల్సిందే.

సరుకు విమానం నడపడం తక్కువ పనేం కాదు, తక్కువనేవాళ్లు ఒక్క రాత్రి వానలో దింపి చూపించాలి. కానీ పిచ్చుకకి తొమ్మిదేళ్ల వయసునుంచీ ఉన్న కోరిక ఒకటే. ఒక్క సీటున్న విమానంలో ఒక్కతే కూర్చోవాలి. 

తెల్లవారింది. అక్క వాతావరణం చదివింది. గాలి నెమ్మది, ఆరువేల మీటర్ల పైన మబ్బు పరదా, కింద అంతా అద్దంలా ఉంది. మాస్టారు నిచ్చెనెక్కుతూ పిచ్చుకతో ఒక్కమాట అన్నాడు.

"ఇవాళ నేను లేననుకో. నా సీట్లో ఇసుకబస్తా పెట్టారనుకో."

"అలాగే సార్," అంది పిచ్చుక. ఇసుకబస్తా ఊపిరి హెడ్‌ఫోన్లో వినిపిస్తూనే ఉంది.

ఐదువేల మీటర్ల ఎత్తులో ఎదురెదురుగా వచ్చారు. మొదట చుక్క, తర్వాత ఈగ, రెప్ప వేసేలోపు బూడిదరంగు ఇంటికప్పంత విమానం. పక్కనుంచి దూసుకుపోయింది. అది రేపిన గాలికి ట్రైనర్ ఒళ్లంతా జలదరించింది. పిచ్చుకకీ జలదరించింది, కానీ అది భయం కాదు. ఇంత ఆనందం దేనిలోనూ ఉండదని ఆ క్షణాన ఆమెకి అనిపించింది.

బావ మంట వెలిగించి నిలువునా లేచాడు. పిచ్చుక ఉడుకుమీద ముక్కు పైకెత్తి వెంటపడింది. ఇక్కడే చిన్న ఇంజను సంగతి బయటపడింది. సగం ఎక్కేసరికి వేగం కారిపోయింది, విమానం ఆయాసపడి ఆగినంత పనయింది. బావ తీరిగ్గా పైనుంచి వాలాడు.

"రెండు సెకన్లు," అన్నాడు రేడియోలో. నలభై సెకన్లలో మొదటి పోరు అయిపోయింది. వెనకనుంచి దగ్గు లేదు.

రెండోసారి ఆమె పైకి పోలేదు. బుద్ధిగా అడ్డంగా తిరుగుతూ, ఆయన వాలినప్పుడల్లా లోపలికి మెలితిరిగి తప్పించుకుంది. రెండు నిమిషాలు నిలబడింది. చివరికి దొరికిపోయింది గానీ, బావ గొంతులో రొప్పు వినపడింది. ఆ రొప్పు ఆమెకి మెడల్‌తో సమానం. వెనక ఇసుకబస్తా అప్పుడూ నోరు మెదపలేదు.

మూడోసారి బావని పొగరు పట్టుకుంది. పెద్దపెద్దవాళ్లని ముంచేది అదేగా. నిన్న కూరగిన్నె ముందు మరదలన్న మాట గుర్తొచ్చిందో ఏమో, చిన్న గిరిలో తిరగడం నాకూ వచ్చని చూపించడానికి పైకి పోకుండా ఆమెతోపాటే అడ్డంగా తిరగడం మొదలుపెట్టాడు. ఆకాశంలో రెండు విమానాలు ఒకదాని తోక ఒకటి తరుముకుంటూ గిర్రున తిరుగుతున్నాయి. పిచ్చుక ఒంటి బరువు ఐదింతలైంది. తొడల చుట్టూ సూటు బిగిసి రక్తాన్ని పైకి నెడుతోంది. చూపు అంచులు మసకబారుతున్నాయి. పళ్లు బిగించి ఊపిరి ముక్కలు ముక్కలుగా తీసుకుంటూ, మెడ వెనక్కి విరుచుకుని బావ విమానం మీదనుంచి కళ్లు తిప్పలేదు. ఒక్కో చుట్టుకీ అది కొంచెం కొంచెంగా ముందు అద్దంలోకి జారుతోంది. దగ్గరవుతోంది! నిజంగానే దగ్గరవుతోంది!

బావకి తెలిసొచ్చింది. ఏనుగు పిచ్చుకతో దొంగాట ఆడకూడదని. మంట వెలిగించి ముక్కు పైకెత్తాడు, మొదటిసారిలాగే.

పిచ్చుక కూడా ముక్కు పైకెత్తబోయింది. మొదటిసారిలాగే.

వెనకనుంచి దగ్గు వినిపించింది. పొట్టిది కాదు. లాగి దగ్గిన దగ్గు.

ఆమె చెయ్యి విమానాన్ని తిప్పే కర్ర మీద ఆగింది. ఏడాదిగా ఆ చేతికి ఆ దగ్గే యజమాని. మానుకోమంటున్నాడు మాస్టారు. మాస్టారి దగ్గు ఇంతవరకూ తప్పు కాలేదు. అర సెకను గడిచింది. ఆ అర సెకనులో పిచ్చుక చెవిని వదిలేసి కంటిని నమ్ముకుంది. తన వేగం ఐదువందలు, చాలు. బావ రెక్కల ముందంచులు పూర్తిగా కిందికి వాలి ఉన్నాయి. అంటే అంత పెద్ద విమానానికీ వేగం అయిపోయింది. మంట వెలిగింది గానీ బరువు కదలడం లేదు. అది ఎక్కడం లేదు, వేలాడుతోంది.

లాగింది. ఉన్న బలమంతా పెట్టి లాగింది.

ట్రైనర్ ముక్కు లేచింది. గురిగుర్తు బావ తోకమీదుగా, వీపుమీదుగా పాకి సరిగ్గా ఆయన తలదగ్గర నిలిచింది. ఒకటి. విమానం వణుకుతోంది, ఇంక మోయలేనంటోంది. ఇంకొక్క క్షణం, నా తల్లివి కదూ, ఇంకొక్క క్షణం. రెండు!

"పిచ్చుక. రెండు సెకన్లు. కూల్చాను," అంది. గంభీరంగా అందామనుకుంది గానీ గొంతు కీచుమంది.

రేడియోలో బావ గొంతు పలికింది.

"ఎవర్ని?"

పిచ్చుక పగలబడి నవ్వింది. తిరుగుదారి పొడుగునా మాస్కులో నవ్వుతూనే ఉంది. చక్రాలు నేలకి తగిలాక గానీ అసలు సంగతి తట్టలేదు. పొంగే పాలమీద నీళ్లు చల్లినట్టయింది. ట్రైనర్లో ప్రతి చప్పుడూ రికార్డవుతుంది. మాస్టారు దగ్గాడు. దగ్గడమంటే సరిదిద్దడం. సరిదిద్దితే తప్పినట్టే. ఆయన అబద్ధం రాసే మనిషి కాడు, తన కొడుకునే పరీక్షలో తప్పించిన ఘనుడు.

విమానాల చావడి ముందు బావ హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినవాడిలా ఉన్నాడు.

"సూర్యుడు కళ్లలో పడ్డాడు," అన్నాడు పక్కనున్న అక్కతో.

"ఆరువేల మీటర్లపైన మబ్బుందని పొద్దున్నే చదివాను. మీరున్నది ఐదువేల లోపే. ఏ సూర్యుడు పడ్డాడో చెప్తే నేనూ రాసుకుంటాను," అంది అక్క.

బావ ఓడిన నవ్వు నవ్వి మరదలి నెత్తిన చెయ్యివేశాడు. "ఏనుగుని పడగొట్టావే," అన్నాడు. ఆ మాటలో ఆయన ఓటమికంటే సంతోషమే ఎక్కువుంది. పిచ్చుక మాత్రం నవ్వలేకపోయింది.

సమీక్ష గదిలో మాస్టారు మూడో పోరు వీడియోని రెండుసార్లు తిప్పితిప్పి చూశాడు. రెండుసార్లూ దగ్గు స్పష్టంగా వినిపించింది. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నా దగ్గు వినపడిందా?"

ఇంజను హోరులో వినపడలేదంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"వినపడింది సార్."

"మరి?"

"మొదటిసారి ఆయన దగ్గర వేగముంది, నా దగ్గర లేదు. ఈసారి నా దగ్గర ఉంది, ఆయన దగ్గర లేదు. రెక్కల ముందంచులు వాలిపోయాయి సార్, చూశాను. మీ సీట్లోంచి నా తల అడ్డమొచ్చి కనపడి ఉండదు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని పరీక్ష కాగితం ముందుకు లాక్కున్నాడు. చాలాసేపు రాశాడు, అంతసేపు రాయాల్సినంత స్థలం అందులో లేదు. కాగితం ఆమె వైపు తోసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

పిచ్చుక కాగితం అందుకుంది. 'శిక్షకుడు సరిదిద్దవలసి వచ్చిందా?' అన్న ప్రశ్న ఎదురుగా ఆయన గుండ్రటి అక్షరాలు ఉన్నాయి.

"సరిదిద్దాను. వినలేదు. ఆమె నిర్ణయమే సరైనది. ఫైటర్‌కి పంపండి."