లెట్రాస్ కనుమకి ఎనభై కిలోమీటర్లు

"జాకెట్ నా దగ్గరే ఉండనీ. పైన చలి మొదలయ్యాక ఇస్తాలే. ఇప్పట్నుంచీ మోసుకుపోవడం ఎందుకు?" అన్నాడు గిల్దార్దో భార్యతో, కారు వెనక తలుపు వేస్తూ.

తెల్లవారి అయిదున్నరకే కొండ కింది మరికీతా ఊళ్ళో చెమటలు కారుతున్నాయి. ఈ ఉక్కలో జాకెట్ అడగడం నోహోరాకే నవ్వులాటగా అనిపించింది. అయినా కారులోకి వెళ్ళిపోయిన ఆ జాకెట్ వైపే చూపు పోతోంది. ఎనభై కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడే. పైన లెట్రాస్ కనుమలో వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఏటా సైకిల్ క్లబ్బు ఈ కొండెక్కేటప్పుడు పదకొండేళ్ళు ఆ కారు తనే నడిపింది. సైకిల్ మీద గిల్దార్దో, వెనక అతని జాకెట్టూ అరటిపళ్ళూ జామ బిళ్ళలూ పెట్టుకుని తను. ఒక్క మలుపులో కూడా ఆలస్యం కాలేదు. సీసా మూత ముందే తీసి పట్టుకునేది, అతను మూత తిప్పడానికి ఆగనక్కర్లేకుండా. అలాంటప్పుడు అతను మాత్రం ఆలస్యం ఎందుకు చేస్తాడు? అలా అనుకుంటూనే బయల్దేరేముందు జాకెట్ గురించి ఇంకోసారి అడిగింది.

ఈ ఏడు అతనికి మోకాలు దెబ్బతింది. ఆరు నెలలు సైకిల్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నోహోరా మనిసాలెస్‌లో స్కూలు బట్టలు కుట్టే చోట పని చేస్తుంది. రెండేళ్ళుగా పనికి వెళ్ళే ముందు అతని పాత సైకిల్ మీద కొండ దారులన్నీ తిరుగుతోంది. ఓ రోజు భోజనాల దగ్గర, "ఈసారి క్లబ్బుతో నేను వెళ్తాను. కారు నువ్వు నడుపు" అంది. గిల్దార్దో పకపకా నవ్వాడు. "పాదువా దాకా వచ్చావంటే నీకు దండేస్తా." పాదువా సగం దారిలో ఉంటుంది. అత్తగారు నవ్వలేదు. "నలభై అయిదేళ్ళకి పిక్కలు చూపించుకుంటూ కొండలెక్కుతుందట" అంది, గిన్నెలోకి చూస్తూ.

నిన్నంతా నోహోరా అత్తగారికి మూడు పూటలకీ సూపు వండింది, మొక్కజొన్న రొట్టెలు చేసి మూటకట్టింది, ఏ పూట మాత్ర ఆ పూట పొట్లం కట్టి పైన రాసింది, గిల్దార్దో చొక్కాలు ఇస్త్రీ చేసింది. గిల్దార్దో కొండెక్కే ఏళ్ళలో ముందు రోజు అతను చేసేది ఒకటే పని. కాళ్ళకి నూనె పట్టించుకుని పడుకునేవాడు. నూనె ఆమే రాసేది.

ఫ్రెస్నో ఊళ్ళో కారు కనపడింది. అరటిపండు చేతికిస్తూ, "మొహం అప్పుడే కందిపోయింది, మిహా. ఇంకా ముప్పై కిలోమీటర్లే అయింది" అన్నాడు గిల్దార్దో. ముద్దుగా అతను ఆమెని పిలిచేది అలాగే, మిహా అని. క్లబ్బు పెద్ద దోన్ ఫాబియో అక్కడే గడియారం చూసుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళాయనకి. "మూడింటికల్లా పైనుండాలి నోహోరా. ఆ తర్వాత మంచు దిగుతుంది, లారీవాళ్ళకి మనం కనపడం. మూడు దాటితే ఎవరైనా సరే కారెక్కాల్సిందే."

పాదువాకి చేరేసరికి పదిన్నర. కారు లేదు. సంత వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సైకిల్ నడిపించుకుంటూ వెతికింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. దార్లో ఏదైనా అయిందా? మోకాలు మళ్ళీ పట్టేసిందా? నేనేదైనా అన్నానా పొద్దున? జాకెట్ గురించి రెండోసారి అడిగినందుకు చిన్నబుచ్చుకున్నాడా? మనిషి కనపడకపోతే చాలు, తప్పు తనలోనే వెతుక్కోవడం ఎప్పుడు నేర్చుకుందో ఆమెకి తెలీదు. రోడ్డు వైపు చూస్తూ, చేతిలో ఫోన్ చెమటకి జారుతుండగా అలాగే నిలబడింది. నిలబడ్డ ప్రతి నిమిషం మూడింటి దాకా మిగిలిన టైములోంచి తరిగిపోతోంది. ఫోన్ మోగింది. అత్తగారు.

"మధ్యాహ్నం వేసుకోవాల్సింది నీలం మాత్రా, తెల్లదా?"

"తెల్లది, అత్తయ్యా. పొట్లం మీద రాశాను."

"కళ్ళజోడు కనపడ్డం లేదు."

"ఫ్రిజ్ మీద ఉంది."

"ఆ రొప్పడం ఏంటి?"

"సైకిల్ మీద వచ్చాను కదత్తయ్యా."

"ఇంకా తిరుగుతూనే ఉన్నావా?" అని పెట్టేసింది.

పదకొండు దాకా చూసింది. రెండు రొట్టెలు కొని వీపు జేబులో పెట్టుకుని, జాకెట్ లేకుండానే బయల్దేరింది.

దెల్గదితాస్ అనే పల్లె దగ్గర వాన అందుకుంది. సన్నటి వాన, సూదుల్లా. రోడ్డు పక్క కొట్లో ఒకావిడ పొయ్యి దగ్గర నిలబడి ఈమెని ఎగాదిగా చూసింది. అడగకుండానే లోపలికెళ్ళి నల్లటి చెత్త సంచీ ఒకటి, పాత పేపర్లు నాలుగు తెచ్చింది. సంచీకి తల పట్టేంత, చేతులు పట్టేంత కన్నాలు కత్తిరించింది.

"పేపర్లు రొమ్ము మీద పెట్టుకో, గాలి తగలదు. మీ ఆయన ఉన్నాడా వెనక?"

"వస్తున్నాడు. జాకెట్ తెస్తాడు."

"ప్రతి ఏడూ నా కొట్టు ముందు ఆడవాళ్ళు జాకెట్లు పట్టుకుని నిలబడతారు. మగాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు" అంది ఆవిడ, సంచీ అంచు సర్దుతూ.

అక్కణ్ణించి పదిహేను కిలోమీటర్లు. ఊపిరి సగంలోనే తెగిపోతోంది. తొడలో నరం పట్టేస్తే దిగి, పిడికిలితో గుద్దుకుని మళ్ళీ ఎక్కింది. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా సంచీ పటపటా కొట్టుకుని సైకిల్ లోయ వైపు ఒరిగిపోతోంది. పడితే ఎవరికి తెలుస్తుంది, అత్తయ్యకి సాయంత్రం మాత్ర ఎవరిస్తారు అన్న ఆలోచన వచ్చింది. చావు గుర్తొచ్చినప్పుడు కూడా మాత్రే గుర్తొచ్చిందని ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇంకో అయిదు కిలోమీటర్లుందనగా వెనక హారన్ వినిపించింది. రెండుంబావు.

"ఇక్కడున్నావా? పాదువాలోనే ఆగిపోయి ఉంటావని ఊరంతా గాలించాను" అన్నాడు గిల్దార్దో, అద్దం దించి.

"పదకొండు దాకా అక్కడే ఉన్నాను."

"మన క్లబ్బు రూబేన్ లేడూ, వాడి సైకిల్ చెయిన్ తెగింది. బాగుచేసేసరికి ఆకలేసింది. పక్క హోటల్లో చేప బావుంటుందన్నాడు, కూర్చున్నాం." ఆమె ఒంటి మీది సంచీ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఎక్కు. సైకిల్ వెనకేద్దాం. ఆ ఆఖరి మలుపు దగ్గర దించేస్తా. అక్కణ్ణించి తొక్కుకుంటూ పో. ఎవరికి తెలుస్తుంది?"

ఎంత అలవాటుగా అన్నాడో. పదకొండేళ్ళుగా ఇక్కడే, ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే, సైకిల్ దిగి కారెక్కేవాడు అతనే. ఆఖరి మలుపు దగ్గర ఆమె కారాపి సైకిల్ దించేది, చెమట పట్టినట్టు ఉండాలని సీసాలో నీళ్ళు అతని జుట్టు మీద పోసేది. పైన అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. క్లబ్బు ఏటా ఇచ్చిన ఫలకాలు పదకొండూ ముందు గదిలో గోడ మీదున్నాయి. వాటి దుమ్ము దులిపేదీ ఆమే. పోన్లే, మొగుడి పరువు కాపాడుకుంటే తప్పేముంది అనుకునేది. ఈరోజు తన కాళ్ళు మండుతుంటే, అతని మొహం చూస్తే అర్థమైంది. ఎగతాళి చెయ్యడం లేదు, భయపడుతున్నాడు. ఈమె గనక పైకి చేరితే, ఆ ఇంట్లో లెట్రాస్ ఎక్కిన మనిషి ఒకరుంటారు. అది అతను కాదు.

"జాకెట్ ఇలా ఇవ్వు" అంది.

"మూడింటికి అందుకోలేవు, మిహా. అందరి ముందూ పరువు పోతుంది."

"ఎవరిది?"

అతను జాకెట్ ఇచ్చాడు. సంచీ మీదే తొడుక్కుని మళ్ళీ తొక్కసాగింది. కాసేపు కారు వెనకే వచ్చింది, తర్వాత దాటి వెళ్ళిపోయింది. ఆఖరి మలుపు మంచులో ఎప్పుడు దాటిందో ఆమెకి తెలియలేదు. పైన కనుమలో పూటకూళ్ళ ఇంటి ముందు దోన్ ఫాబియో గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడు కావడానికి రెండు నిమిషాలుంది.

లోపల ఆవిర్లు, తడి బట్టల వాసన. ఎవరో బల్ల దగ్గర చోటిచ్చి, జున్ను ముక్క పక్కన పెట్టి వేడి బెల్లం నీళ్ళు చేతికిచ్చారు. కప్పు పట్టుకుంటే వేళ్ళు భగ్గుమన్నాయి. గిల్దార్దో ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

దోన్ ఫాబియో ప్రతి మనిషినీ అడిగేది ఒకటే ప్రశ్న. "మొత్తం సైకిల్ మీదేనా?"

"మొత్తం" అంది నోహోరా.

బల్ల చుట్టూ చప్పట్లు పడ్డాయి. దోన్ ఫాబియో సంతోషంగా గిల్దార్దో భుజం తట్టాడు. "ఇంకేం, ఇంట్లో ఇద్దరూ లెట్రాస్ ఎక్కినవాళ్ళే. వీడు పదకొండుసార్లు, నువ్వొకసారి. అంతేగా నోహోరా?"

అందరూ ఆమె వైపే తిరిగారు. ఎప్పుడూ ఈ ప్రశ్నకి జవాబిచ్చేది ఆమే. అవును, నేను వెనకే ఉన్నాను, చూశాను అని. గిల్దార్దో కప్పు ఊదుకోవడం ఆపి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

ఆ కొండల్లో అందరూ చేసేట్టే ఆమె జున్ను తుంచి కప్పులో వేసుకుంది.

"నా సంగతి నేను చెప్పాను, దోన్ ఫాబియో. ఆయన సంగతి ఆయన్నే అడగండి."

గిల్దార్దో నోరు తెరిచాడు. మళ్ళీ ఆమె వైపే తిరిగాడు. పందొమ్మిదేళ్ళ కాపురంలో మొదటిసారి, అతనికి మాట అందించకుండా నోహోరా ఊరుకుంది.