కూత వచ్చిన దిక్కు

చెవిని నమ్ముకునే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. పదేళ్ళుగా కర్నూలులో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు అమ్ముతున్నాను. ఒకాయన వైరు మార్చగానే పాట మెత్తబడిందంటాడు. ఇంకొకాయన పాత సెట్టులోనే ప్రాణం ఉందని వాదనకు దిగుతాడు. ఏమీ మార్చకుండానే మార్చానని చెప్పి వినిపిస్తే అదే మనిషి కళ్ళు మూసుకుని ఆహా అంటాడు. అందుకే శబ్దం కొలిచే మీటరు చూపించనిది దేన్నీ నేను ఒప్పుకోను. నా పేరు ఉమామహేశ్వర, బజారులో మాత్రం మీటరు మహేశ్వర అంటారు. వెటకారమని తెలిసినా ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

పోయిన వేసవిలో రాయచోటి అవతల ఒక ప్రైవేటు ముగ్గురాయి గని నుంచి పిలుపొచ్చింది. అక్కడ తూర్పున ఒక గుంట, పడమట ఒక గుంట. రెంటి మధ్యా పనికిరాని రాళ్ళ కుప్పలు, ఒక్కొక్కటి మిద్దెంత ఎత్తు. ఆ కుప్పల సందుల్లో కూర్చుని పదమూడు మంది ఆడవాళ్ళు మిగిలిపోయిన ముగ్గురాయి ఏరుతారు. ఏ గుంటలో పేలుడు మందు పెట్టారో వాళ్ళకు ఎవరూ చెప్పరు. పేల్చే ముందు ఆంజనేయ అనే ముసలాయన చేతి సైరన్ మోసుకుని ఆ గుంట వైపు కుప్ప నెత్తికెక్కి తిప్పేవాడు. కూత ఎటు నుంచి వస్తే అటు వీపు పెట్టి పరుగెత్తడమే వాళ్ళకు తెలిసిన నియమం. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆంజనేయకు మోకాళ్ళు పోయాయి. ఆయన బదులు రెండు గుంటల గట్ల మీదా హారన్లు బిగించమన్నాడు మేనేజరు రంగనాథ్. బిగించాను. ఏ గుంటలో పేలిస్తే ఆ గుంట హారన్ మోగాలి. పేలుళ్ళు లేని రోజు చూసి, ఒక గని కుర్రాడిని హారన్లు మోగించమని, చెవులు మూసే మఫ్స్ తగిలించుకుని, మీటరు పట్టుకుని కుప్పల మధ్య తిరిగాను. ఎక్కడ నిలబడినా మోత తొంభై డెసిబెల్స్‌కు తగ్గలేదు.

ఏరేవాళ్ళకు పెద్ద దిక్కు సుబ్బక్క. కూత వినగానే ఎటు పోవాలో అరిచి చెప్పేది ఆమే. నన్ను చూసి నవ్వింది.

"ఏమప్పా, చెవులు మూసుకోని ఏం ఇంటాండావు?"

"నేను ఇనేది లేదు పెద్దమ్మా, ఇది ఇంటాది," అని మీటరు చూపించాను.

"దానికి దిక్కు తెలుస్తాదా? నువ్వు తూర్పు గుంట కాడ మోగిస్తాంటే నాకు పడమటి నుంచి వస్తాండాది. ఒగసారి అది తీసి నువ్వే ఇను."

నేను వినలేదు. ఏ హారన్ మోగుతోందో నాకు ముందే తెలుసు. తెలిసిన చెవి తెలిసిందే వింటుంది, అలాంటి సాక్ష్యం చెల్లదు. ఇది నా వృత్తి నాకు నేర్పిన పాఠం, ఇప్పటికీ తప్పు పాఠం కాదు. అందుకని ఆమెనే పరీక్ష చేశాను. కళ్ళకు తువ్వాలు కట్టి కుప్పల మధ్య కూర్చోబెట్టాను. ఆ కుర్రాడిని చీటీలు తీసి, తూర్పుది ఐదుసార్లు, పడమటిది ఐదుసార్లు కలగాపులగంగా మోగించమన్నాను. ప్రతిసారీ ఆమె చేయి చాపింది, నేను కాగితం మీద రాసుకున్నాను. పదికి ఐదు ఒప్పు, ఐదు తప్పు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

సుబ్బక్కకు వయసు వల్ల వినికిడి చెడిందనీ, దిక్కు చెప్పలేకపోతోందనీ రిపోర్టులో రాశాను. రాసేటప్పుడు కాస్త ఉల్లాసంగా కూడా ఉంది, ఒప్పుకుంటాను.

మర్నాడు రంగనాథ్ ఆడవాళ్ళందరినీ పిలిచాడు. "సుబ్బక్కకు చెవులు పోయినాయి. ఇంగ ఆమె మాట ఇనొద్దండి. హారన్ యాడ నుంచి వస్తే దానికి వీపు పెట్టి పరుగెత్తండి."

సుబ్బక్క అందరూ పోయాక నా దగ్గరకొచ్చింది. "నా చెవులే చెడిపోయింటే బాగుండునప్పా. నువ్వు చెప్పిందే నిజం కావాలని దేవునికి మొక్కుకుంటాండా," అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకెందుకో ఆ మాట నచ్చలేదు.

ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి తూర్పు గుంటలో పేలుడు. తూర్పు గట్టు వెనక సిమెంటు గదిలో నేను, రంగనాథ్ కూర్చున్నాం. కుప్పల దగ్గరి కెమెరా బొమ్మ ఒక చిన్న తెర మీద కనిపిస్తోంది. రంగనాథ్ తూర్పు హారన్ మోగించాడు. సంతకం పెట్టమని నా రిపోర్టు నా ముందు పెట్టాడు. పరీక్ష కాగితం దానికి గుచ్చి ఉంది. సుబ్బక్క చూపిన దిక్కుల వరుస చూశాను. పడమర, పడమర, పడమర. పదిసార్లూ పడమరే.

ఊహించి చెప్పే మనిషి అలా చెప్పదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు చూపిస్తుంది. సుబ్బక్క ఊహించలేదు, విన్నది చెప్పింది. తూర్పు హారన్ కూతకు కుప్పలు అడ్డం. పైనుంచి దాటిపోయిన మోత పడమటి గుంట నిటారు గోడకు తగిలి వెనక్కొస్తోంది. పడమటి హారన్‌ది ఎలాగూ పడమటి నుంచే వస్తుంది. మీటరుకు అటైనా ఇటైనా తొంభయ్యే. నేను మార్కులు లెక్కపెట్టుకున్నాను గానీ ఆమె చెప్పింది చదవలేదు.

"ఆపు రంగనాథ్!"

"ఒత్తి అంటించేసినారప్పా. రెండు నిమిషాలు ఉండాది. ఇంగ గుంటలేకి ఎవురు దిగుతారు?"

తెర మీద ఆడవాళ్ళు లేచారు. పన్నెండు మంది పడమటికి వీపు పెట్టి తూర్పుకు, మందు పెట్టిన గుంట వైపుకు వస్తున్నారు. తూర్పు కూత తిరగబడి వస్తుందని ఎరిగిన సుబ్బక్క ఒక్కతే పడమటికి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి వాళ్ళ వెంట పడింది. ఆమె ఒక పడుచు పిల్ల కొంగు పట్టుకుని లాగింది. ఆ పిల్ల కొంగు విదిలించుకుని, తన చెవి వైపు వేలు చూపించి, నీకు వినపడదన్నట్టు చేయి ఊపింది.

తూర్పు హారన్‌కు కలిపిన మైకు లాక్కున్నాను. "వెనక్కి పోండి! పడమటికి పోండి!" అని గొంతు చిరిగేలా అరిచాను. ఆ కుప్పల మధ్య మాట మాటగా నిలవదు, మోత ఒక్కటే మిగులుతుంది.

తెరకు శబ్దం లేదు. అయినా నా అరుపు వాళ్ళకు అందడం నాకు కనిపించింది. అందరూ ఒక్కసారి బెదిరి పడమటి గోడ వైపు తలలు తిప్పి చూశారు. తర్వాత చీరలు ఎగదోపుకుని, సుబ్బక్కను కూడా చేయి పట్టి లాక్కుంటూ, మా వైపుకు ఇంకా వేగంగా పరుగెత్తారు.