కరెంటు పోయిన పూట మోగిన సాంచాలు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల వాడలో పుట్టిన పసిపిల్లకు జోలపాట అక్కర్లేదు; మోత ఆగితేనే ఉలిక్కిపడి లేస్తుంది. అలాంటి వాడలో పుట్టి కూడా మోత చాలలేదన్న మొనగాడు ఒక్కడే, దేవదాసు.

ముగ్గురు దోస్తులను కూడగట్టి బ్యాండు పెట్టాడు. సాంచాల చప్పుడును టేపులో పట్టి, దాని మీద గిటారును గీరి, రేకు డబ్బాలు బాదేవాళ్లు. వాళ్లు వాయిస్తుంటే పక్కింటి బర్రె పాలకు బదులు పెరుగే ఇచ్చిందట. అబద్ధమనేవాళ్లు ఉన్నారు. వాళ్లంతా ఆ పెరుగు తిననివాళ్లే.

తొంభై ఒకటిలో కరీంనగర్ పోయి, భజనపాటలు రికార్డు చేసే స్టూడియోలో క్యాసెట్టు చేశారు. పేరు ‘మోత’. స్టూడియో యజమాని జలపతిరావు చెవుల్లో దూది పెట్టుకొని, “మీకు దండం పెడత, ఇంకో పాటున్నదనకుండ్రి” అన్నాడు.

హైదరాబాదు పత్రికకు ఒకటి పంపితే సమీక్ష వచ్చింది: ‘దీనితో పాటు తలనొప్పి గోలీ ఉచితంగా ఇవ్వాలి. ఎవరో ఫ్యాక్టరీ తలుపు మూయడం మరిచిపోయారు.’

ఐలవ్వ చాయ్ హోటల్లో అది చదివి వినిపించగానే అందరూ నవ్వారు. దేవదాసు తండ్రి భూమన్న మాత్రం నవ్వలేదు.

“పొద్దందాక ఇనేది గదే మోతనాయె. మల్ల పైసలు పెట్టి ఎవడు కొంటడు రా?”

“బాపూ, ఒక్కసారి వాడకు ఇనిపిస్త. మీరు సుత గట్లనే అంటే, గిటారు మానేరు వాగుల పారేసి సాంచా పట్టుకుంట.”

“మాట మీదుంటవా?”

“ఉంట.”

సాంచాలు నడుస్తుంటే వాడలో పిడుగు పడ్డా వినబడదు. అందుకని దేవదాసు కరెంటు పోయేదాకా కాచుకున్నాడు. ఓ ఎండాకాలం మధ్యాహ్నం పోనే పోయింది. నేతగాళ్లంతా చెమట తుడుచుకుంటూ చాయ్ తాగడానికి బయటికొచ్చారు. హోటలు వెనక ట్రాక్టరు బ్యాటరీకి మైకుసెట్టు తగిలించి, సిగ్గుతో ఒక్క మాటైనా చెప్పకుండా టేపు మీట నొక్కేశాడు.

ముందు ఒక సాంచా. తర్వాత పది. ఆపైన వాడంత సాంచా.

దేవదాసు తొంగి చూసేసరికి హోటల్లో నరపురుగు లేదు. సగం తాగిన గ్లాసులు ఆవిర్లు కక్కుతున్నాయి.

“ఏం రాగమో గని కొడుకా, నా గిరాకినంత ఎల్లగొడితివి!” అంది ఐలవ్వ.

పత్రికవాడు గోలీ అడిగాడు, వాడ పరుగే లంకించుకుంది. దేవదాసు టేపును అలాగే వదిలేసి గిటారు భుజాన వేసుకొని మానేరు దారి పట్టాడు.

దారిలోనే బాపు పనిచేసే షెడ్డు. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

లోపల భూమన్న పిడి గుంజుతున్నాడు. “కరెంటొచ్చెనని ఉరికొస్తిమి గదరా. మోతున్నది, సాంచా కదుల్తలేదు!”

పక్క సాంచా రాజయ్య మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. “సల్లగున్నదే, బావా!”

అప్పుడు ఆ మోత లోపలి నుంచి గిటారు లేచింది. దారం లేని సాంచా, చెయ్యి వేయని సాంచా, ఎవరి కూలికీ నడవని సాంచా ఆకాశమంతా నేస్తున్నట్టు, నేసింది ముడుచుకోకుండా నెత్తిన పరుచుకుంటున్నట్టు లేచింది. రాజయ్య తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

బల్బు వెలిగింది. కరెంటు నిజంగానే వచ్చింది. కరెంటొస్తే అన్నం ముద్ద విస్తట్లో వదిలి ఉరికే మనిషి భూమన్న. అతని సాంచా గడగడమని కదలబోయింది. పిడి వెనక్కి నెట్టి ఆపేశాడు.

“ఆగు, ఇననియ్యి” అన్నాడు సాంచాతో, అల్లరిపిల్లకు చెప్పినట్టు.

ఆ పూట వాడలో దారం మోసే నాడె ఒక్కటి కూడా కదలలేదు. టేపు అయిపోయాక నిశ్శబ్దం ఎంత పెద్దదంటే, గోడ మీది బల్లి గుటక మింగడం వినబడిందట.

భూమన్న వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో కొడుకు, భుజాన గిటారు.

“యాడికి రా?”

“మానేరుకు, బాపూ.”

“గీ ఎండకాలం మానేరుల మోకాలు మునిగే నీళ్లు లేవు, గిటారేడ మునుగుతది? పో, క్యాసెట్టు తిప్పి ఎయ్యి.”