హర్ష అనే యాప్

మా ఊళ్ళో టీ కొట్లు రెండు, వర్గానికొకటి. ఒక వర్గం వాళ్ళు రెండో కొట్టు టీ చచ్చినా తాగరు. అలాంటి ఊళ్ళో కూర్చుని, సాగర్ కాలవ నీళ్ళు ఏ రోజు ఎవరి చేనుకొస్తాయో ముందే చెప్పే యాప్ చేసి, దానికి ‘హర్ష’ అని పేరు పెట్టాను. తెలివైనవాణ్ణని మురిసిపోయాను కూడా.

హర్ష అవతలి వర్గం పెద్ద కోటేశ్వరరావుగారి కొడుకు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ మాది ఒకే గది. యాప్ ఆలోచన వాడిదే, సగం పనీ వాడిదే. పంచాయతీ ఎన్నికల్లో మా నాన్న వాళ్ళ నాన్న మీద పోటీకి నిలబడినప్పటి నుంచి వాడు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే బండి సందులోకి తిప్పేస్తాడు. ఫోనులో తన పేరు చూసుకుని ఒక్కసారైనా పిలుస్తాడని ఆశపడ్డాను.

పేరు చూసి మావాళ్ళు యాప్ ఫోన్లో పెట్టుకోలేదు. చేసింది నేనని వాళ్ళవాళ్ళు పెట్టుకోలేదు. రెండు నెలలకు పదకొండు మంది. అందులో హర్ష ఒకడు. యాప్‌ని ఏ నంబరు వాళ్ళు ఎప్పుడు తెరిచారో నాకు కనిపిస్తుంది. వాడు రోజూ సాయంత్రం ఆరింటికి తెరిచేవాడు. నేనూ ఆ వేళకి చూస్తూ కూర్చునేవాణ్ణి. మాట్లాడే మనిషి లేని నాకు అదే మాటలా ఉండేది.

ఒకరోజు పక్కింటి పిచ్చమ్మత్త వచ్చి గుమ్మంలో కూలబడింది. నీళ్ళ వంతు ఎప్పుడొచ్చి పోయిందో తెలియక ఆమె మిరపచేను ఎండిపోతోంది.

“ఏందిరా అమర్నాథూ, నీ యాపులో చెప్పుద్దంట గదా?”

“చెప్పుద్ది అత్తా. నువ్వు పెట్టుకోలేదుగా.”

“ఆ ఇంటోడి పేరు ఫోన్లో పెట్టుకుంటే మా వోడు ఊరుకుంటాడా? పేరు మారిస్తే నీకేం పోద్దిరా? చానామంది చేలు నిలబడతయ్.”

ఎండిన మిరప ముందు నా బాధ చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మర్నాడు ‘కాలవ వంతు’ అని మార్చాను. ఆరింటికి హర్ష తెరిచాడు. కాసేపటికి వాడి నంబరు జాబితాలో లేదు. ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కొత్త పేరు చూసి సర్కారు వాళ్ళదనుకున్నారేమో, వారంలో తొమ్మిది వందల మంది పెట్టుకున్నారు. కోటేశ్వరరావుగారు కూడా ఉన్నారు. పిచ్చమ్మత్త చేనుకి నీళ్ళందాయి. నాకు మాత్రం ఆరయితే ఎవరి నంబరు చూడాలో తెలియడం లేదు.