ఆవిరి రాని లారీ

మా ఆయన ఎలాదియో తన పాత లారీ రేసుల గురించి ఎవరేమన్నా ఊరుకుంటాడు గానీ, నీళ్ల ట్యాంకు జోలికొస్తే మాత్రం ఊరుకోడు. గంటకు నూట అరవై కిలోమీటర్ల మీద వచ్చే ఐదు టన్నుల లారీ మలుపు దగ్గర తగ్గాలంటే బ్రేకుల మీద నీళ్లు పడుతూ ఉండాలి. లేకపోతే మూడు చుట్లకే కాలిపోతాయి. అందుకే ప్రతి రేసుకు ముందు రెండు పీపాల నీళ్లు తనే తోడి ట్యాంకులో నింపుతాడు. తను నడిపే రోజుల్లోనూ అంతే, ఇప్పుడు మా అమ్మాయి నియెవెస్ నడుపుతున్నా అంతే.

క్యాబిన్‌లో నీళ్ల మట్టం చూపే ముల్లు మే నెలలోనే బిగుసుకుపోయింది. ఎప్పుడు చూసినా నిండుగానే చూపిస్తుంది. "నాన్న నింపాక ముల్లుతో పనేముంది?" అని మా అబ్బాయి తెల్మో దాన్ని ముట్టుకోలేదు. కంపెనీల జట్లలో ఒక్కో నట్టుకు ఒక్కో మనిషి ఉంటాడు. మాకున్నది మేం నలుగురమే.

ఈ ఏడాది ఎలాదియోకు మతిమరుపు మొదలైంది. డాక్టరమ్మ దానికి పేరు కూడా పెట్టింది. "ఆ పిల్లకింకా పాలపళ్లు ఊడలేదు, నాకు చెప్పొచ్చింది" అని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాడో తర్వాత ఆయనకే తెలీదు. అప్పటినుంచి ఆయన ఏ పని చేసినా వెనకాలే మాలో ఒకరం వెళ్లి చూసి వస్తున్నాం. అలా చేద్దామని ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు.

హరామా ట్రాకులో ఆదివారం మధ్యాహ్నం, ఏడాదికి ఆఖరి రేసు. పొద్దున రేసులో నియెవెస్ ఎనిమిదో స్థానంలో వచ్చింది. మధ్యాహ్నం మొదటి ఎనిమిది మందినీ వరస తిరగేసి నిలబెడతారు కాబట్టి అందరికంటే ముందు మా లారీయే. ఇరవై రెండేళ్లలో అక్కడ నిలబడడం అదే మొదలు.

తెల్మో ఇంజిన్ కింద దూరి ఉన్నాడు. "అమ్మా, నాన్న నీళ్లు పట్టాడో లేదో కాస్త మూత తీసి చూడవే" అన్నాడు. వెళ్లాను. మూత మీద చెయ్యి వేశానో లేదో, వెనకనుంచి ఎలాదియో గొంతు.

"నువ్వు కూడానా, రెమె?"

కోపంగా అని ఉంటే బాగుండేది. నేనూ నాలుగు దులిపేసి, మూత తీసి చూసేదాన్ని. ఆయన మెల్లిగా అన్నాడు.

"మీరంతా నా వెనక తిరుగుతున్నారని నాకు తెలీదనుకున్నావా? నింపాను. ఈ లారీకి నేను చేసే పని ఇదొక్కటేగా మిగిలింది."

నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి తీసేశాను. తెల్మో అడిగితే నిండుగా ఉందన్నాను.

రేసు మొదలయ్యాక ఎప్పటిలాగే ట్రాకు పక్క గోడ దగ్గర నిలబడ్డాం. ఆయన చేతిలో గడియారం, నా చేతిలో పలక. రేడియో నిన్నటినుంచి గరగరమంటోంది తప్ప పలకడం లేదు. నియెవెస్‌కు ఏం చెప్పాలన్నా పలక మీద రాసి, మా ముందునుంచి పోయేటప్పుడు చూపించాల్సిందే.

మొదటి చుట్టు తిరిగి అందరికంటే ముందు వచ్చింది మా బంగారుతల్లి. నేను గోడ మీద గుద్దాను. తిన్నని దారి చివర మొదటి మలుపు దగ్గర లారీలన్నీ బ్రేకులు వేశాయి. వరసగా ఒక్కొక్కదాని చక్రాలనుంచి తెల్లటి ఆవిరి లేచింది. మా లారీనుంచి లేవలేదు.

"ఆవిరి లేదే" అన్నాడు ఎలాదియో.

వెనక్కి తిరిగి మా గుడారం వైపు చూశాను. రెండు పీపాలూ అంచుల దాకా నీళ్లతో అలాగే ఉన్నాయి.

పలక మీద "నీళ్లు లేవు, ఆగు" అని రాశాను. ఒక చుట్టుకు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ పలక పట్టుకుని నిలబడడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. మూత తీయడానికి నాకు రెండు క్షణాలు పట్టేది.

ఎలాదియో పలక చదివాడు. మళ్లీ చదివాడు.

"నీళ్లెవరు పట్టారు?"

ఆ కళ్లలో నటన లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"నేనే" అన్నాను. "మర్చిపోయాను."

"మర్చిపోయావా? లోపల ఉన్నది నీ కూతురు, రెమె."

లారీ వచ్చింది. ఇంకా ముందే ఉంది. పలక పైకెత్తి, గోడ మీదనుంచి నడుం దాకా బయటికి వంగాను. నియెవెస్ చూసింది, తల కదిలింది. కానీ చూసేసరికే మలుపు దగ్గరికొచ్చేసింది. బ్రేకు వేసింది. చక్రాలనుంచి నల్లటి పొగ వచ్చింది తప్ప వేగం తగ్గలేదు. లారీ నేరుగా కంకరలోకి పోయి, టైర్ల గోడను గుద్దుకుని ఒక పక్కకు ఒరిగింది.

తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. నాకు తెలిసిన పునీతులందరికీ మొక్కుకున్నాను. చివరికి తెరుచుకుంది. నా బిడ్డ ఎడమ చెయ్యి గుండెకు ఆనించుకుని దిగింది.

మణికట్టు విరిగింది. నియెవెస్ కట్టు కట్టించుకుని గుడారానికి వచ్చేసరికి ఎలాదియో ఇంకా నన్ను తిడుతూనే ఉన్నాడు. "మీ అమ్మ నీళ్లు పట్టడం మర్చిపోయింది" అని పిల్లలకు చెప్పాడు. తెల్మో పీపాల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నిండుగా ఉందన్నది నేనే కదా.

నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెబితే గంటసేపు కుమిలిపోతాడు, తర్వాత మర్చిపోతాడు. మళ్లీ చెప్పాలి, మళ్లీ కుమిలిపోవాలి. ఆయన మనసు నొప్పించకూడదని ఊరుకుంటే ఏమవుతుందో కళ్లారా చూశాను. రెండూ నావల్ల కాలేదు.

కాసేపటికి ఎలాదియోకే జాలేసింది. పక్కన కూర్చుని నా వీపు నిమిరాడు.

"ఏడవకు. వయసు మీద పడితే ఎవరికైనా అంతే" అన్నాడు. "వచ్చే ఏడాదినుంచి నీళ్ల సంగతి నాకొదిలేయండి. ఎవరూ ముట్టుకోవద్దు."

తెల్మో నేల చూపులు చూస్తున్నాడు. నియెవెస్ తన కట్టు వైపు, ఆ తర్వాత నా వైపు చూసింది.

"అలాగే నాన్నా" అంది.